ఉద్దానపు దారిని ఫిడేలు

హౌరానుండి చెన్నపురికి బోవు ఇనుపదారిలో మందస రోడ్డు స్టేషను దాటిన పిమ్మట, పలాస యింకను చేరకమునుపు, సుమ్మాదేవి యను చిన్న స్టేషనొకటి తగులును. మెయిలు బండ్లు దానిని లెక్కగొనక సాగిపోవును. పాసింజరు బండ్లకే యచ్చట పని. పడమటివైపున మహేంద్రగిరి శ్రేణి నీలముగా నిలిచియుండును. తూర్పుగా బోయినచో ఉద్దానపు తోటలు, తోటల కావల ఇసుకదిబ్బలు, దిబ్బల కావల సముద్రము. కొబ్బరి, జీడిమామిడి, పనస ఈ నేలకు సిరులు. ఇట్టి చోటికిని కర్ణాటకసంగీతపు ఫిడేలునకును సంబంధమేమని చదువరులు ప్రశ్నింపవచ్చును. తంజావూరు, తిరువయ్యారు, విజయనగరము అనినచో సంగీతము స్ఫురించును గాని పలాస యనినచో జీడిపప్పు స్ఫురించుట లోకసహజము. అయినను ఒక విద్య చరిత్రను దాని రాజధానులలో నిలిచి చూచుట యొకటి, అది వచ్చి చేరిన పొలిమేరలలో నిలిచి చూచుట మఱియొకటి. ఫిడేలు విద్వాంసుడు మన సభలలో ఎంతకాలము రెండవ పీటమీద కూర్చుండెనో, అతనిని మొదటి పీటకు దెచ్చిన వారెవ్వరో, అందులకు ఉత్తరాంధ్రము చేసిన దేమో తెలిసికొనుటకు ఈ పొలిమేర మంచి స్థలము.

తీగెను విల్లుతో రాచి నాదము పుట్టించుట ఈ మన్యపు టంచులకు క్రొత్తది కాదు. కొండలలోని సవరలు రెండుతీగెల చిన్న వాద్యమును కమానుతో వాయించుచు పాడుకొనుటను నరజాతి శాస్త్రజ్ఞులు వర్ణించియున్నారు. పల్లపు గ్రామములలో జముకులకథ చెప్పువారు తోలు బిగించిన డొల్లనుండి తీగెను లాగిపట్టి మీటుచు గ్రామదేవతల కథలు రాత్రులకు రాత్రులు నడపుదురు. తప్పెటగుళ్ళవారు ఱొమ్మున గట్టిన రేకువాద్యమును మ్రోగించుచు గంతులిడుచు పాడుదురు. ఇవి యన్నియు ఈ సీమకు సొంత సొత్తులు. ఇక శాస్త్రగ్రంథముల మాటకు వచ్చినచో, పదుమూడవ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున పినాకీవీణను, నిశ్శంకవీణను విల్లుతో వాయించు వీణలుగా వర్ణించెను. కాని ఆ విల్లు దక్షిణదేశపు పండితసభలలో నిలువ లేదు. మీటెడు వ్రేలిదే రాజ్యమయ్యెను. అట్లు మూలబడిన కమాను మరల సభాప్రవేశము చేయుటకు ఇంగ్లీషువారి కోటలోని బ్యాండుమేళము దారి చూపుట చరిత్రలోని వింతలలో నొకటి.

ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు చెన్నపురి చెంతనున్న మణలిలో, అచ్చటి ముదలియారుగారి యాదరణమున, ఐరోపా వాద్యకారునియొద్ద మూడేండ్లు ఫిడేలు నేర్చి, ఆ వాద్యముపై మన రాగములు పలికించి చూపెను; 1824లో ఎట్టయపురపు ఆస్థానమున ప్రవేశించెను. తంజావూరు సోదరులు నలుగురిలో చిన్నవాడైన వడివేలునకు తిరువాన్కూరు మహారాజు స్వాతితిరునాళ్ 1834లో దంతపు ఫిడేలును బహూకరించెను. ఇంత త్వరగా పరదేశపు వాద్యము మన సంప్రదాయమున నింత లోతుగా నాటుకొనుటకు కారణము రాజాదరణ మొక్కటియే కాదు. ఫిడేలునకు మెట్లు లేవు. స్వరమునుండి స్వరమునకు వ్రేలు తెగకుండ జారగలదు. కంపితము, జారు, స్ఫురితము మున్నగు గమకము లన్నియు కంఠమున బలికినట్లే పలుకును. వీణమీద మీటిన నాదము క్షణములో క్షీణించును గాని కమాను కదలుచున్నంతసేపును ఫిడేలు నాదము నిలిచియుండును. పాటకు తోడుగా నడువదగిన వాద్యమునకు ఇంతకంటె కావలసినదేమి? ఐరోపావారు నిలుచుండి, గడ్డముక్రింద నిఱికించుకొని వాయించుదురు. మనవారు బాసిపట్లు వేసి కూర్చుండి, వాద్యపు తలను కుడికాలి చీలమండపై నాన్చి, అడుగుభాగమును ఎడమ ఱొమ్మునకు చేర్చిరి. వాద్యము రెండు చోట్ల ఊతగొనుటచే ఎడమచేతికి బరువు లేకపోయెను; ఆ చేయి పలకమీద పైకిని క్రిందికిని స్వేచ్ఛగా జారజొచ్చెను. నా యెఱిగినంతలో ఫిడేలు భారతీయమైనది ఈ కూర్చుండుటతోనే.

తీగెల శ్రుతియు మాఱెను. ఐరోపాలో నాలుగు తీగెలును ఒక్కొక్కటి ఐదేసి స్వరముల యెడముతో బిగింపబడును. మనవారు మంద్రషడ్జము, మంద్రపంచమము, మధ్యషడ్జము, మధ్యపంచమముగా కట్టుకొనిరి. ఆ షడ్జమునకును స్థిరమైన చోటు లేదు. పాటకుని గొంతు ఒకటిన్నర శ్రుతియైన అచ్చటికి, గాయని యైదు శ్రుతిలో పాడినచో అచ్చటికి తీగెలు బిగియవలెను, సడలవలెను. నేడు పురుషుని పాటకును రేపు స్త్రీ పాటకును వాయింపవలసిన ఫిడేలుగాని పాట్లు ఆ తీగెలకే తెలియును.

చెన్నపురి, తంజావూరులలో స్థిరపడిన ఈ వాద్యము తెలుగునేలకు రెండు దారులను వచ్చెను. త్యాగరాజశిష్యుడైన మానాంబుచావడి వేంకటసుబ్బయ్యగారియొద్ద అభ్యసించి వచ్చిన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు కృష్ణాతీరమున నెలకొల్పిన శిష్యపరంపర ఒకటి. ఆయన శిష్యులైన పారుపల్లి రామకృష్ణయ్యపంతులుగారు గానమందును ఫిడేలునందును చేయి తిరిగినవారు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ, 2021లో పద్మశ్రీ నందుకొన్న ఫిడేలు విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఆ గురుకులపు ఫలములే. రెండవ దారి విజయనగరముది. మన ఉద్దానపు కథకు కావలసినది ఈ రెండవదే.

విజయనగరపు మాట చెప్పుటకు ముందు ఈ సీమ యప్పటి స్థితి కొంత చెప్పవలెను. ఇప్పుడు శ్రీకాకుళము జిల్లాలో నున్న టెక్కలి, పలాస, మందస, సోంపేట ప్రాంతములు 1936 వఱకు గంజాము జిల్లాలోనివి. కచేరీలు, కోర్టులు, పెద్ద చదువులు అన్నిటికిని బరంపురము ముఖము చూడవలసినదే. మందస, టెక్కలి, పర్లాకిమిడి మున్నగునవి జమీందారీలు. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకమున తూర్పుతీరపు రైలుదారి పడినది. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి సన్నదారి రైలును అచ్చటి రాజావారు వేయించిరి. రైలు రాకతో హరికథకులకు ఈ సీమ దగ్గఱయ్యెను. శ్రీరామనవమి పందిళ్ళు, పెండ్లిళ్ళు, దేవీనవరాత్రులు హరికథకు కాలములు. హరికథతోపాటే ఫిడేలు, మృదంగము. పాటకచేరీకి వినువారు పదిమందియైన, హరికథకు ఊరెల్ల వచ్చును. కావున పల్లెజనులలో పలువురు ఫిడేలును తొలుత కన్నది త్యాగరాజ కృతికి ప్రక్కన గాదు, భాగవతారుని గజ్జెల ప్రక్కన.

హరికథకు ఫిడేలు వాయించుట చులకన పని యని పట్టణపు విద్వాంసులు కొందఱు తలతురు. నా యభిప్రాయము వేఱు. పాటకచేరీలో ఇది తోడి, ఇది కల్యాణి యని ముందుగా ఆలాపనచే తెలియును. హరికథలో భాగవతారు వచనము చెప్పుచు చెప్పుచు హఠాత్తుగా పద్యమెత్తుకొనును, పద్యమునుండి కీర్తనకు దుముకును, నడుమ పిట్టకథ చెప్పి మరల విడిచిన చరణమునకే వచ్చును. ఆగుట లేదు, ముందు చెప్పుట లేదు. పద్యపు మొదటి అక్షరముననే ఫిడేలుగాడు రాగమును పసిగట్టి అందుకొనవలెను. భాగవతారు మంచినీళ్ళు త్రాగునపుడు పందిరి వెలితిపడకుండ నింపవలెను. ఈ పనిలో నలిగిన చెవి మఱి యెక్కడను తడబడదు.

వాద్యమును దగ్గఱగా చూతము. ఫిడేలుపై పలక స్ప్రూసు అనెడి చలిదేశపు మెత్తని కఱ్ఱతో చేయుదురు. వెనుకభాగము, ప్రక్కలు, మెడ మేపుల్ కఱ్ఱతో. వ్రేళ్ళు నడచు నల్లని పలక ఎబొనీ. కమాను కఱ్ఱకు బ్రెజిలు అడవులలోని పెర్నాంబుకో శ్రేష్ఠము. దానికి గుఱ్ఱపుతోక వెండ్రుకలు వందకు మించి బిగింతురు. ఆ వెండ్రుకలకు రోజిన్ అను గుగ్గిలపు ముద్దను రాచినగాని తీగెను పట్టుకొనవు, నాదము పుట్టదు. లోపల, పైపలకకును వెనుకపలకకును నడుమ, బ్రిడ్జికి కొంచెము వెనుకగా, చిటికెనవ్రేలికంటె సన్నని కొయ్యపుల్ల యొకటి నిలువుగా నుండును. బంక యంటింపరు, ఒత్తిడిచేతనే నిలుచును. సౌండుపోస్టు అనెడి ఆ పుల్ల రవ్వంత జరిగినను ఫిడేలు గొంతు మాఱిపోవును. పుల్ల పడిపోయినచో నాదమే చచ్చును. అతుకులన్నియు జంతుచర్మములనుండి తీసిన వజ్రపుబంకతో వేయుదురు. పూర్వము తీగెలు గొఱ్ఱెప్రేగులతో చేసినవి. లోహపు తీగెలు తరువాత వచ్చినవి. మడి, ఆచారము తప్పని విద్వాంసులు ప్రేగుతీగెలను, గుఱ్ఱపు వెండ్రుకలను, తోలుబంకను శంకలేక ఒడిలో పెట్టుకొని త్యాగరాజ కృతులు వాయించిరి. నాదము ముందు ఆచారము ఎన్నడును ఓడుచునే వచ్చినది.

ఉద్దానమున పనస విస్తారము. వీణకు, మృదంగమునకు పనసకఱ్ఱయే తగినది; బొబ్బిలి వీణకు ప్రసిద్ధి దెచ్చిన గొల్లపల్లి సర్వసిద్ధివారు ఒక్క పనసదుంగను తొలిచి వీణ చేయుదురు. ఫిడేలునకు మాత్రము పనస పనికిరాదు. దాని బరువు, గట్టిదనము ఆ సన్నని పలకకు తగవు. అందుచే ఈ తీరపు చెట్టేదియు ఫిడేలుగా మాఱలేదు. పంతొమ్మిదవ శతాబ్ది చివరినుండి జర్మనీ కర్మాగారములలో వేలకొలది తయారైన చౌకరకపు ఫిడేళ్ళు ఓడలపై మన రేవులకు వచ్చి, చెన్నపురి దుకాణములనుండి రైలుమీద జిల్లాలకు చేరెను. వాటిలో ననేకములకు లోపల క్రెమోనా నగరపు స్ట్రాడివేరియస్ పేరు అచ్చొత్తిన చీటి యంటించియుండును. 1737లో చనిపోయిన ఆ మహాశిల్పి చేతి వాద్యము మా తాతగారి పెట్టెలో నున్నదని నమ్మి గర్వించు కుటుంబములు ఆంధ్రదేశమున పెక్కు గలవు. వారిని నిరాశపఱుపవలెనని నాకు లేదు గాని, ఆ చీటి నమ్మదగినది కాదు.

సముద్రపు గాలి ఈ వాద్యమునకు పగ. వానకాలమున బిరడాలు ఉబ్బి త్రిప్పినను కదలవు. వేసవిలో ఎండి నిలువక జారును. తేమకు బంక వదలి అంచు నోరు తెఱచును. బిరడాకు సుద్ద రాచి నిలుపుకొనుట ప్రతి ఫిడేలు ఇంటను తెలిసినదే. అయినను ఉద్దానము ఈ పరదేశికి ఒక్కటి యీయగలదు, అది కొబ్బరినూనె. గమకము జారుటకు ఎడమచేతి వ్రేళ్ళకొనలకు చుక్క నూనె రాచుకొనుట మన ఫిడేలువారి అలవాటు. ఐరోపావానికి అది అపచారము. జారు లేని సంగీతమున దానికి పని లేదు. ఆ నూనె కమాను వెండ్రుకలకు మాత్రము తగులరాదు. తగిలెనా, ఆ పూటకు కమాను మూగ.

ఇక శిక్ష. మాయామాళవగౌళలో సరళీస్వరములు మొదలు జంటలు, దాటులు, అలంకారములు, గీతములు, స్వరజతులు, వర్ణములు; ఈ క్రమము గాత్రమునకును ఫిడేలునకును ఒక్కటియే. కాని గాయకునికి స్వరస్థానము గొంతులో నుండును. ఫిడేలు పలకమీద గీటు లేదు, మెట్టు లేదు, గుర్తు లేదు. వ్రేలు ఎచ్చట పడవలెనో చెవియే చెప్పవలెను, ఆ చెప్పుటయు వ్రేలు పడక ముందే చెప్పవలెను. అందుచే తొలి యేడు తక్కువ పాఠము, ఎక్కువ సాధకము. పిల్లవానిచేత ఒక్క షడ్జపు తీగెమీద కమానును మొదటినుండి కొనవఱకును, కొననుండి మొదటికిని, నడుమ వణకకుండ, ఒరగకుండ, బ్రిడ్జికి ఒకే దూరమున లాగించుట పద్ధతి. తెల్లవాఱుజామున ఆ ఒక్క స్వరమును నెలల తరబడి వినిన ఇంటివారి యోర్పు నెవ్వరును కొనియాడలేదు. వర్ణము రెండు కాలములలో తడబడక వాయించువఱకు కృతి జోలికి పోనీయరు. కృతికి వచ్చిన పిమ్మట సాహిత్యపు విఱుపులు తెలియవలెను. పదము నడుమ కమాను త్రిప్పినచో మాట తెగును. మాట తెలియని ఫిడేలు స్వరమును వాయించునుగాని పాటను వాయింపదు.

పూర్వ మీ విద్య కుటుంబములలోనో, గురుకులములలోనో దొరకెడిది. ద్వారం వేంకటస్వామినాయుడుగారికి తొలి గురువు అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే. నాయుడుగారు 1893 నవంబరు 8న, దీపావళినాడు, బెంగుళూరున జన్మించిరి, పెరిగినది విశాఖపట్టణమున. చిన్ననాటినుండియు కంటిచూపు మందము. బడిచదువునకు అడ్డువచ్చిన ఆ చూపు ఫిడేలునకు అడ్డు రాలేదు.

1919 ఫిబ్రవరి 5న విజయనగరమున సంగీతకళాశాల వెలసెను. పూసపాటి విజయరామ గజపతిరాజుగారు దానిని స్థాపించుటకు నిమిత్తమైనది ఒక అంధబాలుడు: ఆస్థానమునకు చెందిన చాగంటి జోగారావుగారి కుమారుడు. ఆ బాలునికి సంగీతమున ఆసక్తి యుండుట తెలిసి మహారాజుగారు అతనికొఱకు ఒక్క గురువును నియమించి యూరకుండవచ్చును. అట్లు చేయక ఊరివారి కందఱికిని ఉపయోగించు కళాశాలనే పెట్టించిరి. ప్రథమాధ్యక్షులు హరికథాపితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు. ఇరువదియాఱేండ్ల వేంకటస్వామినాయుడుగారు విద్యార్థిగా చేరవచ్చునేమో యని అచ్చటికి వచ్చిరి. వారి వాదనము వినిన పెద్దలు విద్యార్థిగా చేర్చుకొనుటకు మాఱు ఫిడేలు ఆచార్యులుగా నియమించిరి. ఈ కథ తెలుగునాట అందఱును ఎఱిగినదే యైనను, దానిలోని విశేష మొకటి చాలామంది గమనింపరు: వంశమును, గురుపీఠమును చూచి కొలువిచ్చెడి కాలమున, దక్షిణదేశపు గురుపరంపర ముద్ర లేక, అన్నగారియొద్ద నేర్చి వచ్చిన యువకునికి, వాయించిన వాద్యమును మాత్రమే చూచి పీఠ మిచ్చిరి. 1936లో దాసుగారి పిమ్మట కళాశాలాధ్యక్షతయు నాయుడుగారికే దక్కెను.

నాయుడుగారి వాదనమునకు ప్రాణము కమాను. అప్పటి ఫిడేలువారిలో పలువురు కమానులో కొంత భాగమునే త్వరత్వరగా ఆడించుచు స్వరమునకొక కోత వేసెడివారు. నాయుడుగారు నిండుకమానుకు ప్రాధాన్యమిచ్చిరి. పాశ్చాత్యుల వాదనపద్ధతులను శ్రద్ధగా పరిశీలించి, అచ్చటి నాదశుద్ధిని మన గమకమునకు హాని రాకుండ తెచ్చుకొనిరి. ఆ కాలమున సభలలో ధ్వనివర్ధకములు లేవు, ఉన్నను అరుదు. పెద్ద పందిరిలో వెనుకవరుసకు ఫిడేలు వినబడుట సమస్యయే. మైసూరు చౌడయ్యగారు ఆ సమస్యకు అదనపు తీగెలు బిగించి ఏడుతీగెల ఫిడేలును తీర్చుకొనిరి. ఆయన వాద్యము గంభీరముగా మ్రోగెడిది. నాయుడుగారు నాలుగు తీగెలతోనే నిలిచి, కమాను ఒత్తిడిలోను వేగములోను పరిష్కారము వెదకిరి. కుంభకోణము రాజమాణిక్యముపిళ్ళగారిని కలిపి ఈ మువ్వురిని ఆనాటి ఫిడేలు త్రయముగా చెప్పుదురు. చౌడయ్యగారి ఉపాయము ఆయనతోనే దాదాపు అంతరించినది. నాయుడుగారి ఉపాయము నేడు ప్రతి విద్యార్థికిని పాఠము. కాబట్టి ఎవరి మార్గము మేలనుటకు నా తీర్పు అక్కఱలేదు.

అంతకంటె పెద్ద సంగతి 1938లో వేలూరున జరిగినది. అంతవఱకు ఫిడేలు పాటకు ప్రక్కన నుండవలసినదే. ఒంటరిగా పూర్తి కచేరీ నడపునట్టి వాద్యమని సభలవారు తలంపలేదు. వేలూరున నాయుడుగారు ఫిడేలును ముందు పీటమీద కూర్చుండబెట్టి, మృదంగమును ప్రక్కన నుంచుకొని, కచేరీ యంతయు తామే నడపిరి. పాట లేక సాహిత్యము వినువారి కెట్లు అందునని శంకించినవారికి ఆ కమాను సమాధాన మిచ్చెను. 1941లో మద్రాసు సంగీతవిద్వత్సభ వారికి సంగీతకళానిధి బిరుద మిచ్చెను. 1952లో ఈ దేశమునకు వచ్చిన పాశ్చాత్య ఫిడేలు విద్వాంసుడు యెహుది మెనూహిన్ మద్రాసున న్యాయమూర్తి పి.వి.రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనము విని మిక్కిలి మెచ్చుకొనెను. ఆ యేడే ఢిల్లీలో అంధుల సహాయనిధికై నాయుడుగారు కచేరీ చేసిరి. 1953లో సంగీతనాటక అకాడెమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1964 నవంబరు 25న ఆయన కన్నుమూసిరి; శతజయంతి సంవత్సరమైన 1993లో తపాలాశాఖ వారి బొమ్మతో బిళ్ళ వెలువరించినది.

విజయనగరపు విద్యార్థిజీవితము సుఖజీవితము గాదు. జీతము కట్టుట కన్న కడుపు నింపుకొనుట కష్టము. వారములు చేసికొని, మధూకరమెత్తి చదివినవారు పలువురు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు పట్రాయని సీతారామశాస్త్రిగారి ప్రాపున అట్లే అభ్యసించిరి. 1940లో అచ్చట చేరిన నేదునూరి కృష్ణమూర్తిగారు ద్వారం నరసింగరావునాయుడుగారియొద్ద గాత్రముతోపాటు ఫిడేలును నేర్చి, తరువాత గాయకులై సంగీతకళానిధి యైరి. నూకల చినసత్యనారాయణగారును వేంకటస్వామినాయుడుగారి శిష్యులే. ఫిడేలు చేతబట్టి గాయకులైన వారిట్లు వరుసగా కనబడుట యాదృచ్ఛికము గాదు. ఆ చెవి తప్పు స్వరమును సహింపదు. ఇక అంధబాలునికై పుట్టిన కళాశాల ఋణమును తీర్చినవారు ఇవటూరి విజయేశ్వరరావుగారు. చూపు లేని ఆయన ఆ కళాశాలలోనే చదివి, అచ్చటనే ఫిడేలు ఆచార్యులై, తరముల విద్యార్థులకు పాఠము చెప్పిరి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు గంజాము జిల్లా రెండయ్యెను. బరంపురము, పర్లాకిమిడి అటు పోయినవి. టెక్కలి, సోంపేట ప్రాంతములు విశాఖపట్టణము జిల్లాలో చేరినవి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా పుట్టెను. ఉత్తరముగా బరంపురము చూచుచుండిన ఈ సీమ దక్షిణముగా చూడవలసివచ్చెను; నాయుడుగారు కళాశాలాధ్యక్షులైనదియు ఆ 1936లోనే. సరిహద్దు గీచినవారు సంగీతమును తలచి గీచియుండరు. కాని పలాస, సుమ్మాదేవి స్టేషన్లనుండి సంగీతము నేర్వగోరు బాలునికి విజయనగరము 1936నుండి 1950 వఱకు సొంత జిల్లాలోని పట్టణమయ్యెను, రైలు దిగకుండ చేరగల విద్యాస్థానమయ్యెను. 1948 చట్టముతో జమీందారీలు రద్దయిన పిమ్మట రాజాస్థానపు సంభావనలు తగ్గిపోయినవి. కళాశాల ప్రభుత్వపరమై నిలిచినది. ఆస్థానముతోపాటు పోవలసిన విద్య బడియై యుండుటచే బ్రతికినది.

రేడియో ఫిడేలునకు మఱియొక మేలు చేసెను. 1940లో ఆకాశవాణి హార్మోనియమును నిషేధించి, మూడు దశాబ్దములపాటు ఆ నిషేధమును సాగించినది. హార్మోనియము మెట్లకు గమకము అందదని కారణము. నాటకములవారికి అది అన్యాయముగా తోచెను. ఫిడేలు విద్వాంసునికి మాత్రము స్టేషనులలో నిలుకడగా పని దొరకెను. 1948 డిసెంబరు 1న విజయవాడలోను, 1963 ఆగస్టు 4న విశాఖపట్టణమునను ఆకాశవాణి కేంద్రములు వెలసినవి. ఉద్దానపు అరుగులమీద ట్రాన్సిస్టరు పెట్టుకొని వినినవారికి ఫిడేలు అప్పుడే ఇంటి వస్తువయ్యెను.

ఇన్ని జరిగినను ఫిడేలు విద్వాంసుని బ్రతుకులో అధికభాగము ఇప్పటికిని పక్కవాద్యమే. దానిని నేను తక్కువ చేసి చెప్పుట లేదు. గాయకుడు రాగము పాడినపుడు ఆ బాటనే నడచి, తన వంతు వచ్చినపుడు అతడు విడిచిన మూలల వెదకి చూపి, అతనిని మించకుండ, అతనికి తగ్గకుండ ముగించుట సామాన్య విద్య కాదు. గాయకుడు మఱచిన సంగతి గుర్తుచేయవలెను, గుర్తుచేసినట్లు తెలియరాదు. దగ్గు వచ్చినపుడు సభకు దగ్గు వినబడక కమాను వినబడవలెను. ఇన్ని చేసిన మనిషి పేరు కరపత్రమున చీమతలకాయలంత అక్షరములలో, మూలగా, ఒక్కొక్కప్పుడు ఊరి పేరు తప్పుగా పడుచున్నది. ఒక్కొక్కప్పుడు పేరే యుండదు, వయొలిన్ అను మాట మాత్రముండును.

విజయనగరపు కళాశాలలో నేటికిని ఫిడేలు పాఠము జరుగుచున్నది. పలాస, కాశీబుగ్గ, టెక్కలి, మందసలలో నవమి పందిళ్ళు, త్యాగరాజ ఆరాధనలు నడపు పెద్దలకు ఈ వ్యాసరచయిత విన్నప మిది: కరపత్రము అచ్చువేయించునపుడు ఫిడేలు, మృదంగ విద్వాంసుల పేర్లను గాయకుని పేరు వేసిన అక్షరములలోనే వేయింపుడు, సంభావనలో భేదము తప్పనిసరియైన, పేరులో భేద మక్కఱలేదు. ఏటికొక్క సాయంకాలమైన పాట లేక ఫిడేలునకే కచేరీ యిండు. విజయనగరమునుండి రాదగిన విద్యార్థులు గలరు. పాసింజరు బండి సుమ్మాదేవిలోను ఆగును.